నోటీసు బోర్డు మీది అవకాశాలు

యూనివర్సిటీలు తమ ఉద్యోగులకి పంపే సర్క్యులర్లు ఈ మధ్య వరసపెట్టి చదివాను. రెండు వారాల రిఫ్రెషర్ కోర్సు. ఫ్యాకల్టీ డెవలప్‌మెంట్ ప్రోగ్రాం. కృత్రిమ మేధ మీద ఆన్‌లైన్ వర్క్‌షాప్. జాతీయ సదస్సుకి పత్ర సమర్పణ, చివరి తేదీ ఫలానా. అన్నిట్లోనూ ఒక మాట మాత్రం తప్పదు: అవకాశం.

అవకాశమే, కాదనను. ఎవరికి అన్నదే నా పేచీ. రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ ఆ రిఫ్రెషర్ కోర్సు చేస్తే సర్టిఫికెట్ ఫైల్లో పడుతుంది, రేపు కెరీర్ అడ్వాన్స్‌మెంట్ కింద పై మెట్టుకి పనికొస్తుంది. పక్క గదిలో అదే సిలబస్ చెప్పే కాంట్రాక్ట్ లెక్చరర్‌నీ కొన్ని కోర్సులకి రానిస్తారు. ఆయనా రెండు వారాలు కూచుంటాడు, టీ తాగుతాడు, గ్రూప్ ఫొటోలో చివర నిలబడతాడు. ఆ సర్టిఫికెట్‌తో ఆయన ఎక్కడానికి మెట్టేదీ? పార్ట్‌టైమ్ ఆవిడైతే ఆ రెండు వారాల క్లాసుల డబ్బు కూడా వదులుకోవాలి. ఆవిడకి సర్టిఫికెట్ ఖర్చు కింద లెక్క.

తెలంగాణ రాష్ట్ర యూనివర్సిటీల్లో మంజూరైన బోధనా పోస్టుల్లో సగానికి చాలా ఎక్కువే ఖాళీ. 2017లో 11 యూనివర్సిటీల్లో 1,061 పోస్టులు నింపుకోవచ్చని ప్రభుత్వం అనుమతిచ్చింది. నిండలేదు. 2022 సెప్టెంబర్‌లో ఉమ్మడి నియామక బోర్డు బిల్లు అసెంబ్లీ దాటి రాజ్‌భవన్‌లో ఆగింది. 2025 జనవరిలో యూనివర్సిటీ అధ్యాపకుల రిటైర్మెంట్ వయసు 60 నుంచి 65కి పెంచారు. ఖాళీలు ఎక్కువైపోయాయి కాబట్టి పెంచామన్నారు. ఖాళీ కుర్చీలకి మందు, నిండిన కుర్చీల్లో వాళ్లని ఇంకో ఐదేళ్లు కూచోబెట్టడమట! ఆ పెద్దల మీద నాకు కోపం లేదు, వాళ్లలో నాకు పాఠం చెప్పినవాళ్లున్నారు. కానీ నలభై దాటిన కాంట్రాక్ట్ లెక్చరర్ ఆ వార్త చదివి ఏమనుకుంటాడో ఒక్క సర్క్యులర్ కూడా అడగదు.

దిల్‌సుఖ్‌నగర్ సంగతి తెలియకుండా ఈ కథ అర్థం కాదు. మెట్రో దిగితే రోడ్డుకి రెండు పక్కలా కోచింగ్ ఫ్లెక్సీలు. గ్రూప్స్, డీఎస్సీ, జేఎల్, నెట్, సెట్. చైతన్యపురి, కొత్తపేట, గడ్డిఅన్నారం గల్లీల్లో హాస్టళ్లు, రీడింగ్ రూములు. నెలకింత అని కట్టి కుర్చీ, ప్లగ్ పాయింట్, ఫ్యాను కింద చోటు కొనుక్కుని పీహెచ్‌డీ అయిన వాళ్లు కూడా చదువుతుంటారు. సాయంత్రం బ్యాచ్‌కి పాఠం చెప్పే సార్ ఎవరనుకున్నారు? పొద్దున ఎల్‌బీ నగర్‌లో జిల్లా బస్సెక్కి యూనివర్సిటీకి వెళ్లొచ్చిన పార్ట్‌టైమ్ లెక్చరరే. ఏ ఉద్యోగం కోసం పిల్లలకి నోట్స్ చెబుతున్నాడో, అదే ఉద్యోగం కోసం ఆయనా పదేళ్లుగా చూస్తున్నాడు. పంతులూ శిష్యుడూ ఒకే నోటిఫికేషన్‌కి అప్లై చేసే ఊరు ఇది.

నేనూ నాలుగేళ్లు ఒక యూనివర్సిటీలో పార్ట్‌టైమ్‌గా చెప్పాను. పేరెందుకు, ఎక్కడైనా ఇదే తంతు. క్లాసుకింత అని లెక్క. పండగ వస్తే డబ్బు లేదు, స్టూడెంట్ల బంద్ అయితే డబ్బు లేదు, వేసవి మొత్తం లేదు. బిల్లు మూడు నెలలకోసారి కదిలేది. ఆ డబ్బుతో సరూర్‌నగర్‌లో గది అద్దె వెళ్లాలి. ఇంటాయన మంచివాడు. “మీరు ప్రొఫెసర్ కదా సార్, ఎక్కడికి పోతరు” అని ఊరుకునేవాడు. ఆ ‘ప్రొఫెసర్’ అన్న మాటే నన్ను బాగా కుంగదీసేది.

ఇప్పుడు అసలు గొడవకి వస్తాను. 2025 ఏప్రిల్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్ల నియామకానికి మార్గదర్శకాలతో జీవో 21 వచ్చింది. ముందు మమ్మల్ని రెగ్యులరైజ్ చేయండి, ఆ తర్వాతే నోటిఫికేషన్ అని కాంట్రాక్ట్ అధ్యాపకులు రోడ్డెక్కారు. నోటిఫికేషన్ ఆపొద్దని నిరుద్యోగ పీహెచ్‌డీలు. రెండు వైపులా నా స్నేహితులున్నారు. ఒకే వాట్సాప్ గ్రూపులో తిట్టుకున్నారు, విడిపోయారు. ఒకరిది దొడ్డిదారి అట, ఇంకొకరిది గైడ్ల చదువట.

దొడ్డిదారి అన్న మాట నాకు ఒళ్లుమండిస్తుంది. ముందు తలుపుకి తాళమేసిందెవరు? తాళం వేసి, పెరటి గేటు తెరిచి, క్లాసులన్నీ చెప్పించుకుని, పేపర్లన్నీ దిద్దించుకుని, పదిహేనేళ్లయ్యాక “నువ్వు ఇటునుంచి వచ్చావేం?” అని అడగడానికి నోరెలా వస్తుంది? 2023లో ఇదే రాష్ట్రంలో జూనియర్ లెక్చరర్లతో సహా 5,544 మంది కాంట్రాక్ట్ ఉద్యోగులని క్రమబద్ధీకరించారు. అప్పుడు కనపడని దొడ్డిదారి యూనివర్సిటీ వాళ్ల దగ్గరే కనపడిందా?

అలాగని రీడింగ్ రూములో కూచున్న పిల్లలకి ‘మీరు ఆగండి’ అని చెప్పే హక్కు కూడా మనకి లేదు. ఎల్లకాలం నోటిఫికేషన్ లేకుండా చేసిన వాళ్లే ఈ ఇద్దరినీ ఒకే గేటు దగ్గర నిలబెట్టారు. నోటిఫికేషన్ రావాల్సిందే. పాఠం చెప్పిన ఏళ్లకి అందులో గట్టి వెయిటేజీ ఉండాల్సిందే. గట్టిగా అంటే మొహమాటానికి ఇచ్చే రెండు మార్కులు కాదు. ఈ మాటతో రెండు వైపుల మిత్రులకీ చేదవుతానని తెలుసు.

కానీ రెగ్యులరైజేషన్ మీద ఇంత దుమ్ము లేచాక దాని చాటున ఇంకో విషయం దాక్కుంటోంది. జీతం. ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు 2006లో ఇచ్చిన తీర్పు చూపించి క్రమబద్ధీకరణ కుదరదంటారు. సరే, అది కోర్టుల్లో తేలనీ. సమాన పనికి సమాన వేతనం తాత్కాలిక ఉద్యోగులకీ వర్తిస్తుందని అదే కోర్టు 2016లో జగ్జీత్ సింగ్ కేసులో చెప్పింది కదా, అది ఎవరూ చూపించరేం? యూజీసీ 2018 నిబంధనలు తీసి చూడండి. కాంట్రాక్ట్ నియామకాలు మొత్తం పోస్టుల్లో 10 శాతం దాటకూడదు. వాళ్లకిచ్చేది రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ నెల స్థూల జీతానికి తగ్గకూడదు. ఆ స్కేలు మూలవేతనమే 57,700 దగ్గర మొదలవుతుంది, కరువు భత్యం అదనం. గెస్ట్ ఫ్యాకల్టీకైతే క్లాసుకి 1,500 రూపాయలు, నెలకి 50,000 దాకా ఇవ్వొచ్చని 2019 జనవరిలో యూజీసీయే చెప్పింది. జీతం పెంచడానికి ఎవర్నీ రెగ్యులరైజ్ చేయక్కర్లేదు. ఎవరి నోటిఫికేషనూ ఆగదు. రీడింగ్ రూము కుర్రాడికి నయాపైసా నష్టం లేదు. అందుకే దీని గురించి మాట్లాడరేమో! ఇద్దరూ కొట్టుకోవడానికి ఇందులో ఏమీ లేదు మరి.

పై నుంచి వచ్చే గాలి కూడా ఇటే. 2025 జనవరిలో యూజీసీ కొత్త ముసాయిదా పెట్టింది. అందులో ఆ 10 శాతం పరిమితి తీసేశారు. నిబంధనని పాటించనివాళ్ల జోలికి పోకుండా నిబంధననే ఎత్తేస్తున్నారన్నమాట.

అదే ఏడాది ఆగస్టులో గుజరాత్ కాంట్రాక్ట్ అసిస్టెంట్ ప్రొఫెసర్ల కేసు సుప్రీంకోర్టుకొచ్చింది. ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీల్లో నెలకి 30,000కి పాఠాలు చెబుతున్నవాళ్లు. సభల్లో గురుబ్రహ్మ గురువిష్ణు అని చదివితే సరిపోదు, నిజంగా నమ్మితే అది గురువుల్ని చూసుకునే తీరులో కనపడాలి అన్న అర్థంలో కోర్టు మాట్లాడింది. సెప్టెంబర్ 5న మన క్యాంపస్‌లలో ఆ శ్లోకం చక్కగా వినపడుతుంది. శాలువా కప్పించుకునేవాళ్ల జాబితాలో కాంట్రాక్ట్ పేరుందా లేదా చూడండి ఈసారి.

ఇదంతా సాహిత్య పత్రికలో ఎందుకంటారా? మీరు ఇక్కడ చదివే సమీక్షలు ఎవరు రాస్తున్నారో ఎప్పుడైనా ఆరా తీశారా? కవిత్వం మీద, కథల మీద ఓపిగ్గా రాసేవాళ్లలో తెలుగు శాఖల పార్ట్‌టైమ్, గెస్ట్ జనం తక్కువేం కాదు. రాత్రి కోచింగ్ సెంటర్ నుంచి మెట్రోలో వస్తూ ఫోన్లో టైప్ చేసినవి అవి. ఈ రాతకి వాళ్ల బయోడేటాలో విలువ లేదు. వెబ్ పత్రికలో ఒక నవల మీద రెండు నెలలు కష్టపడి రాసిన వ్యాసానికి ఇంటర్వ్యూ బోర్డులో సున్నా. డబ్బు కడితే వారంలో అచ్చేసే, ఐఎస్ఎస్ఎన్ నంబరున్న సంచికలో నాలుగు పేజీల అతుకులకి మాత్రం లెక్క ఉంది. ఏది రాస్తే ఉద్యోగానికి దారో అదే రాస్తారు జనం. తెలుగులో విమర్శ పల్చబడిందని సభల్లో వాపోయే పెద్దలు, విమర్శకుడి అద్దె సంగతి కూడా కాస్త పట్టించుకుంటే బాగుండు. తీరిక కావాలి, పుస్తకాలు కొనగలగాలి, పై ఏడాది ఇక్కడే ఉంటానన్న నమ్మకం ఉండాలి. దీర్ఘకాలం పట్టే పని ఆరు నెలల ఆర్డర్ మీద ఎవరు మొదలుపెడతారు? తాళపత్రాల క్యాటలాగు, ఒక మాండలిక పదకోశం, ఒక రచయిత మొత్తం రచనల పరిష్కరణ. ఇవన్నీ పదేసి ఏళ్ల పనులు.

సదస్సులు నడిపే మిత్రులకి ఒక మాట. ఆహ్వాన పత్రికలో ‘డా.’ అని వేసి వదిలేయకండి, ‘కాంట్రాక్ట్ లెక్చరర్’ అనే వేయండి. సిగ్గు ఆయనది కాదు. టీఏ రెగ్యులర్ వాళ్లకిచ్చినంతే ఇవ్వండి, అదీ ఆ రోజే చేతికివ్వండి. యూనివర్సిటీల్లో చదువుతున్న పాఠకులకి ఇంకో పని ఉంది. పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి: మీ డిపార్ట్‌మెంట్‌లో మంజూరైన పోస్టులెన్ని, నిండినవెన్ని, మిగతా క్లాసులు చెబుతున్నవాళ్లకి నెలకెంత ఇస్తున్నారు, పోయిన వేసవిలో ఎంతిచ్చారు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. వచ్చిన కాగితాన్ని రిఫ్రెషర్ కోర్సు సర్క్యులర్ పక్కనే, అదే నోటీసు బోర్డు మీద అతికించండి.