డీజే బాక్సూ, రెండు చెవులూ

మన గోదావరి జిల్లాల్లో డీజే లేని సంబరం ఇప్పుడు సంబరం కింద లెక్కకు రావడం లేదు. వినాయక నిమజ్జనం కానివ్వండి, అమ్మవారి జాతర కానివ్వండి, పెళ్ళి ఊరేగింపు కానివ్వండి, ట్రక్కు మీద బాక్సులు పేర్చి, వెనకాల జనరేటరు పెట్టి ఊరంతా తిప్పవలసిందే. మన కాలేజీ వార్షికోత్సవం కూడా ఇందుకు మినహాయింపు కాదు. నేను పాటకు శత్రువును కాను. డాన్సు వచ్చినా రాకపోయినా నలుగురితో పాటు ఎగిరేవాణ్ణే. కాబట్టి ఈ నాలుగు మాటలూ నిద్ర చెడిన పెద్దాయన విసుగు కింద గాక, ముందు వరసలో నిలబడే కుర్రాడి మాటగా చదవమని మనవి.

"ఇదివరకు మాత్రం మోత లేదేంటి?" అంటారు. లేకేం, ఉంది. కనుమ నాడు కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళినవారికి వాయిద్యాల హోరు గురించి నేను చెప్పనక్కర్లేదు. డప్పు కూడా దగ్గరగా వింటే చెవికి మెత్తనిదేమీ కాదు. అయితే డప్పు కొట్టేవాడికి చేతులు నొప్పెడతాయి. కాసేపు ఆగి, డప్పును సెగ మీద కాచుకుని, టీ తాగి మళ్ళీ అందుకుంటాడు. ఆ కాసేపూ మన చెవికి విశ్రాంతి. డీజేకి నొప్పెట్టే చేతులు లేవు. జనరేటరులో డీజిలు ఉన్నంతసేపూ అది ఆగదు. నా దృష్టిలో తేడా అంతా ఇక్కడే ఉంది.

శబ్దాన్ని డెసిబెల్లలో కొలుస్తారని ఇంటర్లోనే చదువుకున్నాం, పరీక్ష కాగానే మరిచిపోయాం. ఈ కొలత మానికతో ధాన్యం కొలిచినట్టు ఉండదు. మూడు డెసిబెల్లు పెరిగితే చాలు, చెవిలో పడే శక్తి రెట్టింపవుతుంది. 85 డెసిబెల్ల శబ్దంలో రోజుకు 8 గంటలకు మించి ఉండవద్దని అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ చెబుతోంది. 88 అయితే 4 గంటలే. 91కి రెండు, 94కి ఒకటి. 100కి వచ్చేసరికి మిగిలేది పావుగంట! బాక్సుల ముందు 100 దాటడం వింతేమీ కాదు. పావుగంటంటే ఎంత, మూడు నాలుగు పాటలు. ఆపైన రాత్రంతా చెవిని తాకట్టు పెట్టి ఆడుతున్నట్టే.

తాకట్టు అన్నాను గాని, విడిపించుకునే వీలున్న తాకట్టు కాదిది. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న కాక్లియా ఉంటుంది. అందులో సుమారు 15 వేల రోమకణాలు. పైరగాలికి వరిచేను ఊగినట్టు, మామూలు శబ్దానికి వాటి మీది సన్నని కేసరాలు ఊగి నిలబడతాయి. తుపాను గాలికి పడిన చేనునైతే మనం దుబ్బులు కట్టి లేపుకుంటాం. చచ్చిన రోమకణాన్ని లేపే మనిషి ఇంతవరకూ పుట్టలేదు. చిత్రమేమంటే కోళ్ళల్లో ఇవి దెబ్బతింటే మళ్ళీ పుడతాయని 1980ల చివర్లో శాస్త్రజ్ఞులు కనుక్కున్నారు. పెరట్లో కోడికున్న యోగం మనకు లేదు.

మర్నాడు చెవిలో గుయ్యిమంటుంది, రెండో నాటికి సర్దుకుంటుంది, ఏమీ కాలేదనుకుంటాం. 2009లో ఎలుకల మీద జరిగిన పరిశోధనలో, వినికిడి పైకి మామూలుగా తిరిగొచ్చినా లోపల నరాల కలయికలు కొన్ని శాశ్వతంగా తెగిపోయి ఉన్నట్టు తేలింది. మోత వల్ల మొదట దెబ్బతినేది సాధారణంగా 4000 హెర్ట్జుల చుట్టుపక్కల వినికిడి. స, శ లాంటి హల్లులకు పైస్థాయి ధ్వనులే ఆధారం. అందుకే అలాంటివారు "వినపడుతోందిరా, మాటే తెలియడం లేదు" అంటారు.

రైతు ఇంట్లో చెవి ఒక పనిముట్టు. మా నాన్న గట్టు మీద కూర్చునే ఇంజను చప్పుడును బట్టి అది నీళ్ళు లాగుతోందో గాలి లాగుతోందో చెప్పేస్తాడు. ఇప్పుడు మా ఊరి కుర్రాళ్ళు పగలంతా కోతమిషను మీదో రైసుమిల్లులోనో మోత తిని, రాత్రి డీజే ముందు రెండో వడ్డన పెట్టించుకుంటున్నారు. ఇంకా జాలి వేసేది ఆ డీజే కుర్రాణ్ణి చూస్తే. మనకు ఏడాదికి నాలుగు రాత్రులు, అతనికి పెళ్ళిళ్ళ సీజనంతా.

చట్టం లేదా అంటే ఉంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడుస్పీకర్లు నిషేధం. బహిరంగ స్థలం సరిహద్దు దగ్గర శబ్దం 75 డెసిబెల్లు మించరాదు. ఇతరుల చెవిలో బలవంతంగా మోత పోసే హక్కు ఎవరికీ లేదని 2005లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అయితే ఇదంతా పక్కింటివాడి నిద్ర కోసం. ఆడేవాడి చెవి కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వేరే ప్రమాణాలు ఇచ్చింది: పావుగంట సగటు 100 డెసిబెల్లు దాటకూడదు, శబ్దాన్ని కొలుస్తూ ఉండాలి, చెవి ప్లగ్గులు అందుబాటులో ఉంచాలి, చెవికి విశ్రాంతినిచ్చే నిశ్శబ్దమైన చోటు ఒకటి ఉండాలి.

వీటిలో మన యూనియనుకు చేతకానిది ఒక్కటీ లేదు. బాక్సుల ముందు తాడు కట్టి జనాన్ని వెనక్కి జరపండి. ఆరుబయట ఒక బాక్సు నుంచి దూరం రెట్టింపయితే ఇంచుమించు 6 డెసిబెల్లు తగ్గుతుంది, పైసా ఖర్చు లేదు. గంటకోసారి పది నిమిషాలు ఆపి పద్యమో మిమిక్రీయో పెట్టించండి. పద్యం పాడేవాళ్ళకు మన జిల్లాల్లో కరువా! దూది పెట్టుకుంటే చాలదు. ఫోము ప్లగ్గు కావాలి, అదీ ఒక టిఫిను ఖర్చు లోపే. వేళ్ళతో సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి లాగి లోపలికి దూర్చి, అది ఉబ్బేదాకా అరనిమిషం పట్టుకోవాలి. పాట పోదు, మోత తగ్గుతుంది. వచ్చే వార్షికోత్సవం బడ్జెట్టులో పూలదండల పద్దు పక్కన దీనికీ ఒక పద్దు రాయండి. మొదటి జత ఆ డీజే కుర్రాడికి ఇవ్వండి.

— తృతీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి