గుడ్డిదీపం బండి

కోతలు మొదలయ్యాయంటే జఫర్‌గఢ్ దారుల్లో రాత్రిపూట బండి నడపడం ఒక పరీక్షే. హైదరాబాద్-వరంగల్ రహదారి మీదున్న స్టేషన్ ఘన్‌పూర్ వైపు పోయినా, ఖమ్మం దారిలోని వర్ధన్నపేట వైపు పోయినా రోడ్డు మీద సగం వడ్లో, మక్కలో ఆరబోసి ఉంటాయి. కుప్పల మీద నల్ల టార్పాలిన్లు, వాటి అంచుల్లో రాళ్లు. పగలు ఆమడ దూరం నుంచే కనిపించే ఆ రాళ్లు రాత్రి ముందు చక్రం కిందికి వచ్చేదాకా కనిపించవు. వీటికి తోడు వెనక లైటు లేని ట్రాక్టరు ట్రాలీ, రంగు చెరిగిపోయిన స్పీడ్ బ్రేకరు, రోడ్డు మధ్యలో తీరిగ్గా పడుకున్న బర్రె. 2016లో ఈ మండలం వరంగల్ జిల్లా నుంచి జనగామ జిల్లాలోకి మారింది. జిల్లా మారినా అర్ధరాత్రి ప్రాణం మీదికొస్తే పరుగెత్తేది వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికే. ఆ పరుగుకి తోడొచ్చేది పదిహేను, ఇరవై ఏళ్ల పాత బండి. దాని ముందున్నది గుడ్డిదీపం!

‘అన్నా, జర లైటు మంచిగ కొట్టేటట్టు చెయ్’ అని మెకానిక్‌ని అడగని పాతబండి యజమాని ఉండడు. అడిగేముందు మనకీ కొంచెం లెక్క తెలియాలి.

ఎంత దూరం కనబడాలి?

గంటకి 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు కదులుతుంది. రాయి కనపడి, బుర్రకెక్కి, బ్రేకు మీద కాలు పడేసరికి సెకనున్నర. అంటే 25 మీటర్లు అప్పటికే అయిపోయాయి. పొడి రోడ్డు మీద మంచి బ్రేకులుంటే ఆగడానికి ఇంకో 28 మీటర్లు. మొత్తం 53 మీటర్లు. అదే 40 వేగంలో అయితే 29 మీటర్లలో ఆగొచ్చు. మీ లైటు వెలుగు 30 మీటర్లకు మించి పారడం లేదంటే 60లో పోవడం కళ్లు మూసుకుని పోవడమే. వయసు లెక్క కూడా ఒకటుంది. ఇరవై ఏళ్ల కుర్రాడి కంటి లోపలికి చేరే వెలుతురులో అరవై ఏళ్ల పెద్దాయన కంటికి చేరేది సుమారు మూడో వంతే. కొడుక్కి సరిపోయిన లైటు తండ్రికి సరిపోదు.

ముందు జబ్బు తెలియాలి

తాళం తిప్పి, ఇంజన్ స్టార్టు చెయ్యకుండా హెడ్‌లైటు స్విచ్ వేసి చూడండి. హారన్ మోగి, ఇండికేటర్ వెలిగి, హెడ్‌లైటు మాత్రం వెలగలేదా? అయితే మీ లైటుకి కరెంటు బ్యాటరీ నుంచి రావడం లేదు. ఇంజన్ పక్కనున్న మ్యాగ్నెట్ కాయిల్ నుంచి నేరుగా వస్తోంది. పాత 100 సీసీ బళ్లలో చాలావాటికి ఇదే పద్ధతి. ఎక్సలేటర్ ఇస్తే తెల్లగా, వదిలితే పచ్చగా అయ్యేది అందుకే. గుంత వచ్చిందని వేగం తగ్గించగానే, సరిగ్గా అవసరమైనప్పుడే లైటు కళ్లు తేలేస్తుంది.

దానిమీద వయసు తెచ్చిన జబ్బులు. తుప్పు పట్టిన బాడీ ఎర్త్, నల్లబడిన హోల్డర్, కాంటాక్టులు అరిగిన స్విచ్. వీటివల్ల బల్బు దాకా వచ్చే వోల్టేజీ పదో వంతు తగ్గిందనుకోండి, వెలుతురు పదో వంతు తగ్గి ఊరుకోదు, దాదాపు 30 శాతం పోతుంది. డూమ్ లోపలి మెరుపు పోయి మసకబారితే ఎంత మంచి బల్బు వేసినా దండగే. కాబట్టి మొదటి ఖర్చు కొత్త బల్బు కాదు. ఎర్త్ వైరు గీకి బిగించడం, హోల్డర్ మార్చడం, కంపెనీ డూమ్ కొత్తది వేయడం. సగం బళ్లకి ఈ వైద్యం చాలు.

పెద్ద బల్బు ఆశ

ఆ తరం చిన్న బళ్లలో ఎక్కువగా ఉండేది 35 వాట్ల బల్బు. హెచ్‌ఎస్1 రకమైతే హైబీమ్‌లో 825 ల్యూమెన్ల వెలుతురు ఇస్తుంది. కారుకి వాడే హెచ్4 బల్బు 60 వాట్లది, 1650 ల్యూమెన్లు. ‘రెండింతలు కదా, వేసెయ్’ అంటాం. రేకు చెవులు గీకి ఎలాగో ఎక్కిస్తారు కూడా. కానీ 35 వాట్లకి చుట్టిన కాయిల్ 60 ఎక్కడినుంచి తెస్తుంది? వోల్టేజీ పడిపోయి పెద్ద బల్బు చిన్నదానికంటే పచ్చగా వెలుగుతుంది. పైగా ఆ వేడికి హోల్డర్ కరుగుతుంది. బ్యాటరీ మీద లైటు నడిచే బళ్లయితే రిలే పెట్టి లావు వైరుతో నేరుగా కరెంటు ఇవ్వొచ్చు. స్విచ్ మీద భారం తగ్గుతుంది. అప్పుడైనా బండి చార్జింగ్ ఎన్ని వాట్లు ఇవ్వగలదో చూసుకునే బల్బు మార్చాలి.

ఎల్‌ఈడీ మంచిదేనా?

తక్కువ వాట్లకి ఎక్కువ వెలుతురు, నిజమే. చిక్కంతా అమర్చడంలో ఉంది. పాత డూమ్‌ని ఒక సన్నటి ఫిలమెంట్ ఉండే చోటుని బట్టి మలిచారు. ఆ చోట ఎల్‌ఈడీ చుక్కలు సరిగ్గా కూర్చోకపోతే వెలుతురు దారి మీద పడకుండా చెట్ల మీద, ఎదుటివాడి కళ్లలో పడుతుంది. మన ముందు చక్రం దగ్గర పాలవెన్నెల, యాభై మీటర్ల అవతల చీకటి! కాయిల్ నుంచి నేరుగా వచ్చే ఏసీ కరెంటుకి ఎల్‌ఈడీ మిణుకుమిణుకుమంటుంది కూడా. కావాలంటే కాయిల్ ఎర్త్ విడదీసి, ఫుల్‌వేవ్ రెక్టిఫయర్ వేసి, ఎల్‌ఈడీ కోసమే తయారైన పూర్తి హెడ్‌లైటు సెట్టు బిగించాలి. తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ చేతనే చేయించండి.

గోడ పరీక్ష

ఏ లైటు వేసినా చివరి పని ఇదే. దీనికి పైసా ఖర్చు లేదు. గోడకి 8 మీటర్ల దూరంలో బండిని నిలబెట్టి, మీరు ఎక్కి కూర్చుని డిప్ వేయండి. హెడ్‌లైటు ఎత్తుని గోడమీద సుద్దతో గీయండి. వెలుతురు పై అంచు ఆ గీతకి సుమారు 8 సెంటీమీటర్లు కింద ఉండాలి. వెనక మనిషినో, పాలక్యాన్లనో ఎక్కించుకునే వారు ఆ బరువుతోనే చూసుకోవాలి. వెనక బరువు పెరిగితే ముందు లైటు ఆకాశం చూస్తుంది.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు కూడా ఈ 8 మీటర్ల దూరాన్నే చెబుతాయి. అక్కడ నిలబడ్డ మనిషికి, ఒకటిన్నర మీటరు ఎత్తులో ఉన్న కళ్లు చెదరకూడదన్నది రూలు. జరిమానా సంగతి అటుంచండి. కళ్లు చెదిరినవాడు కొన్ని సెకన్లు గుడ్డివాడే. ఇరుకు రోడ్డు మీద వాడు తూలితే వచ్చి పడేది మన మీదికే.

2017 ఏప్రిల్ నుంచి కొత్త బళ్లన్నింటికీ స్టార్టు చేయగానే లైటు దానంతటదే వెలిగే ఏర్పాటు తప్పనిసరి చేశారు. పాత బండికి ఆ సదుపాయం లేదు. పొద్దుగూకకముందే మనమే వేసుకోవాలి. ఇక ధాన్యం ఆరబోసే అన్నలకీ ఒక మాట. చీకటి పడేసరికి రాళ్లు పక్కకి తీయండి. తీయలేకపోతే రెండు వైపులా మెరిసే రేడియం స్టిక్కరన్నా కట్టండి. ఎంత మంచి లైటున్నా దాని వెలుగుని తిప్పి కొట్టేది ఒకటి ఎదురుగా ఉంటేనే కదా కంటికి కనబడేది!