పంకాతో పరుగు పెరిగేనా?
కారు ‘ఎలక్ట్రిక్ సూపర్‌ఛార్జర్’ల అసలు లెక్క

కొద్ది వేల రూపాయలకే కారుకు కొత్త బలం వస్తుందంటూ ఆన్‌లైన్ అంగళ్లలో విక్రయిస్తున్న ‘ఎలక్ట్రిక్ సూపర్‌ఛార్జర్’లు చిన్నకార్ల యజమానులను ఊరిస్తున్నాయి. ఎయిర్‌ఫిల్టర్ గొట్టంలో బిగించి, బ్యాటరీకి రెండు తీగలు తగిలిస్తే చాలు.. నలుగురు కూర్చున్నా ఘాట్‌రోడ్డుపై కారు దూసుకుపోతుందన్నది ప్రచారం. లెక్క వేస్తే మాత్రం ఇది నిలవదు.

1.2 లీటర్ల పెట్రోలు ఇంజిన్ నిమిషానికి 6,000 చుట్లు తిరిగేటప్పుడు సెకనుకు సుమారు 60 లీటర్ల గాలిని తనంతట తానే పీల్చుకుంటుంది. సూపర్‌ఛార్జర్ అన్న పేరు సార్థకం కావాలంటే అంతకు మించిన గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టాలి. ఒత్తిడిని 0.3 బార్ మేర పెంచాలన్నా మోటారుకు 3 కిలోవాట్లకు పైగా విద్యుత్తు అవసరం. 12 వోల్టుల బ్యాటరీపై అది 250 ఆంపియర్ల పైమాటే! చిన్నకార్ల ఆల్టర్నేటర్లు చాలావరకు వంద ఆంపియర్లు కూడా ఇవ్వలేవు. పెట్టెలో వచ్చే సన్నని తీగలను చూస్తేనే సంగతి బోధపడుతుంది. అధిక వేగంలో ఆ పంకా గాలికి అడ్డుగా నిలిచి, ఉన్న బలాన్నీ తగ్గించవచ్చు.

అలాగని ఆ సాంకేతికత బూటకం కాదు. 2016లో ఆడి సంస్థ ఎస్‌క్యూ7 డీజిల్ కారులో విద్యుత్ కంప్రెసర్‌ను అమర్చింది. దాని మోటారు సామర్థ్యం 7 కిలోవాట్లు. పావు సెకనులోపే నిమిషానికి 70 వేల చుట్ల వేగం అందుకుంటుంది. దానికోసమే ఆ కారులో 48 వోల్టుల ప్రత్యేక వ్యవస్థ ఏర్పాటుచేశారు. అదీ రెండు టర్బోలు పుంజుకునే వరకూ ఆ కాస్త జాప్యాన్ని పూరించేందుకే.

ఒకవేళ ఒత్తిడి నిజంగానే పెరిగినా చిక్కు తీరదు. దానికి తగ్గట్టు ఇంధనం, స్పార్క్ సమయం మారకుంటే నాకింగ్ మొదలై పిస్టన్లు దెబ్బతింటాయి. వారంటీ తిరస్కరణకు, బీమా పరిహారంపై పేచీకి ఆస్కారం కలుగుతుంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి రూ.5 వేల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు.

కారు మునుపటిలా ఎత్తు ఎక్కకపోతే మూసుకుపోయిన ఎయిర్‌ఫిల్టర్, అరిగిన క్లచ్ ప్లేటు, పాతబడిన స్పార్క్ ప్లగ్‌లు, టైర్లలో గాలి.. మెకానిక్ మొదట చూడాల్సినవి ఇవే.