తీరగ్రామములు - సెల్‌ఫోను సేవలు

పెన్న కాలువలకు నీరు విడిచిరని తెలిసిన దినమున ఎగువ రైతు మడిలోనికి దిగును. చివరి ఆయకట్టు రైతు కాలువగట్టు మీదికి పోయి నిలుచుండును. నీరు విడిచిన మాట నిజమే. అది తనదాక ఎన్నడు వచ్చునో చెప్పువారు మాత్రము లేరు. ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు ప్రాంతముల రైతులకు ఈ నిరీక్షణము క్రొత్తది కాదు. నేడు ఆ ప్రాంతములందును, ఉత్తరముగా విడవలూరు, అల్లూరు, బోగోలు, కావలి వరకును గల తీరగ్రామములందును మరియొక నిరీక్షణము సాగుచున్నది. చేతిలోని సెల్‌ఫోను పైమూలను కనుపించు చిన్న గుర్తువంక ప్రజలు చూచుచున్నారు. నిన్న 4జీ అని యుండినది నేడు 5జీ అయినదా? రోడ్డుమీద దొరకిన వేగము ఇంటిలోనికి ఎన్నడు వచ్చును? పొరుగూరి బంధువునకు ఫోను చేసి, మీ ఊరికి వచ్చినదా యని అడిగి తెలిసికొనుట తప్ప వారికి వేరు సాధనము కానరాకున్నది.

ఈ సేవలు వచ్చిన క్రమమును ఒకమారు స్మరింతము. 1995 జులై 31వ తేదీన కలకత్తానుండి నాటి బెంగాలు ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రాముతో మాటలాడుటతో మన దేశమున సెల్‌ఫోను సేవ ఆరంభమయ్యెను. 4జీ సేవ 2012లో ఆ నగరముననే మొదలైనను, అది సామాన్యుల చేతికి అందుట 2016 సెప్టెంబరులో జియో సంస్థ ప్రవేశించిన పిదపనే జరిగెను. 2022 అక్టోబరు 1వ తేదీన ప్రధానమంత్రి ఢిల్లీలో 5జీ సేవలను ప్రారంభించిరి. ఆ డిసెంబరులో విశాఖపట్టణము, విజయవాడ, గుంటూరు, తిరుమలలందును, 2023 జనవరిలో నెల్లూరు, తిరుపతులందును జియో వాటిని ప్రవేశపెట్టెను. 2025 ఆరంభమునకు దేశమందలి జిల్లాలలో 99.6 శాతమునకు 5జీ చేరినదని కేంద్రప్రభుత్వము ప్రకటించెను. ఇది ఘనకార్యమే; కాదనువారము కాము. కాని జిల్లాల లెక్క వేరు, గ్రామముల లెక్క వేరు. నెల్లూరు ట్రంకురోడ్డున వేగము వచ్చినంతమాత్రమున మైపాడు వాకిట వచ్చినట్లు కాదు. వినియోగదారుడు జిల్లాలో నివసించుట లేదు. ఊరిలో, వీథిలో, ఇంటిలో నివసించుచున్నాడు.

సేవలు అంచెలంచెలుగా విస్తరించుటను మేము తప్పుపట్టము. దానికి శాస్త్రకారణములు కలవు. 700 మెగాహెర్ట్‌జు వంటి అల్పసంఖ్యా తరంగములు దూరము పోవును, గోడలను చొచ్చును. 3300 మెగాహెర్ట్‌జు వంటి అధికసంఖ్యా తరంగములు ఎక్కువ సమాచారమును మోయునుగాని స్వల్పదూరముననే క్షీణించును. కావున అధికవేగము కావలెనన్న టవర్లు దగ్గర దగ్గరగా నుండవలెను. ఆ టవరువరకు గాజుతంతువుల కేబులు పోవలెను; కేబులు పోనిచో టవరుమీద క్రొత్త యంత్రమునుంచినను ఇరుకు తూమునకు పెద్ద తలుపు పెట్టినట్లగును. ఫోనుమీద 5జీ గుర్తు కనుపించుచు బొమ్మ కదలకుండుటకు ఇది యొక కారణము. తీరమునకు మరియొక చిక్కు గలదు. నడిమి భూమిలోని టవరునకు నలుదిక్కుల ఇండ్లుండును. కడలిగట్టునగల టవరు వెలుగులో ఇంచుమించు సగము నీటిమీద పడును. వ్యాపారి లెక్కలో నీటిమీద గిరాకి లేదు. కాని పట్టపుపాళెముల వారి లెక్కలో ఉన్నది. తెల్లవారకమునుపే పడవమీద పోయిన మనుష్యులు ఆ నీటిమీదనే యున్నారు.

వేగము విలాసమని తలచువారు ఈ తీరమును చూడవలెను. చేపలు దొరకు తావులను, కెరటముల ఉద్ధృతిని హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ శాస్త్రీయముగా అంచనావేసి తెలుపుచున్నది. ఆ సమాచారము సెల్‌ఫోనుద్వారా అందనిచోట అది కాగితము మీది విజ్ఞానమే యగును. రొయ్యలగుంటల రైతు రాత్రివేళ ఏరేటరు ఆగినదా, నేడు చెన్నపట్టణపు ధర యెంత యని ఫోనుననే తెలిసికొనుచున్నాడు. బియ్యము కార్డునకు వ్రేలిముద్ర వేయవలెనన్న సిగ్నలు కావలెను. బ్యాంకు సొమ్ము పుచ్చుకొనవలెనన్న సిగ్నలు కావలెను. పిల్లవాడు పరీక్షకు దరఖాస్తు పంపవలెనన్న సిగ్నలు కావలెను. కాగితపు దారులు ఒక్కటొక్కటిగ మూసికొనిపోయినవి. 1850 ప్రాంతమునుండి మన దేశమున సాగిన తంతివార్తయు 2013 జులైతో ముగిసెను. పాతదారి మూసిన తరువాత క్రొత్తదారి చివరి యింటివరకు పోవుట సౌకర్యము కాదు, న్యాయము.

తుపానుల మాట వేరుగ చెప్పనక్కరలేదు. 1989 నవంబరునాటి పెనుతుపాను కావలి సమీపమున తీరమును దాటెను. 2021 నవంబరు వరదలలో పడుగుపాడువద్ద రైలుమార్గము తెగెను, రహదారియు తెగెను. 2023 డిసెంబరులో మిచాంగు తుపాను మన తీరము వెంబడి సాగి బాపట్లవద్ద భూమినెక్కెను. అట్టి రాత్రులందు హెచ్చరిక పంపుటకు మహావేగము అక్కరలేదు. టవరు నిలిచియుండిన చాలును. కరెంటు పోయిన రెండుగంటలకే బ్యాటరీ ఒరిగిపోవు టవరు 5జీ అయినను, 2జీ అయినను ఒక్కటే. కావున తీరగ్రామముల విషయమున మొదట స్థిరత్వము, పిదప కేబులు, ఆ పిమ్మట వేగము అను వరుసను పాటింపవలెనని మా యభిప్రాయము.

ఇక ధర సంగతి. 2024 జులై ప్రారంభమున మూడు పెద్ద ప్రైవేటు కంపెనీలును తమ రేట్లను హెచ్చించినవి. ఆ హెచ్చింపు హైదరాబాదు వానికిని కోడూరు వానికిని ఒక్కటే. ఎగువ మడికి నీరు పారి, చివరి మడి ఎండిన యేట ఇద్దరివద్దను ఒకే తీరువా వసూలుచేసిన రైతు ఊరకుండునా? అంతియగాక, కంపెనీల రాబడిలో 5 శాతము సార్వత్రిక సేవానిధికి పోవుచున్నది. 2023 టెలికాం చట్టముద్వారా దానికి డిజిటల్ భారత్ నిధి యను పేరు వచ్చెను. వ్యాపారమునకు లాభము కానరాని తావులకు సేవనందించుటయే ఆ నిధి ప్రయోజనము. ఆ సొమ్ము మన రీఛార్జులనుండియే పుట్టుచున్నది. దానినుండి తీరమునకు రావలసిన వంతును అడుగుట యాచన కాదు.

ప్రజలకు తెలిసికొను హక్కు కొంత లభించినది. టెలికాం నియంత్రణసంస్థ 2024 ఆగష్టులో చేసిన నిబంధనల ప్రకారము ప్రతి కంపెనీయు తన సేవ ఎచ్చట 2జీ, ఎచ్చట 4జీ, ఎచ్చట 5జీ అనునది పటముగా ప్రకటింపవలెను. మూడుమాసముల కొకమారు లెక్కించు సేవానాణ్యతను 2025 ఏప్రిలునుండి మాసమునకొకమారు లెక్కింపవలెను. సేవ 24 గంటలకు మించి నిలిచిపోయిన ప్రీపెయిడువారికి గడువు పొడిగింపును, పోస్టుపెయిడువారికి అద్దె తగ్గింపును ఈయవలెను. ఇవి మంచి నిబంధనలు. కాని రెండు లోపములు కలవు. నిలిచిపోవుటకు జిల్లాయే కొలమానము; ఒక్క పాళెపు టవరు వారము దినములు మూగపోయినను ఆ లెక్కలోనికి రాదు. రెండవది, పటము నేటి స్థితిని చెప్పును. రేపటి మాట చెప్పదు. అదియును అమ్మువాడు గీచిన పటము. రంగు పూసినచోటనెల్ల ఇంటిలోపల మాట వినబడునన్న పూచీ అందులో లేదు.

మేము కోరునది స్వల్పము. తీరమండలములలో ప్రతి పంచాయతీకిని, ఏ టవరునకు కేబులు ఏ మాసమున వచ్చును, ఏ మాసమున 5జీ అమర్పబడును, కరెంటు పోయిన ఎన్ని గంటలు అది నిలుచును అను జాబితాను ముందుగ ప్రకటింపవలెను. గడువు తప్పినచో కారణము తెలుపవలెను. పోటీదారులకు రహస్యము తెలిసిపోవునని కంపెనీలవా రందురు. పట్టణములందు ఆ వాదమునకు కొంత బలముండవచ్చును. పోటీయే లేని పాళెమున రహస్యమెవరినుండి? అనుమతులు, స్థలములు లభింపకున్నవని వారు చెప్పు మాటలో మాత్రము సత్యము కలదు. 2025 జనవరి 1వ తేదీనుండి అమలునకు వచ్చిన మార్గహక్కు నిబంధనలు అనుమతులను సులభము చేయుటకే యేర్పడినవి. పంచాయతీలును, స్థానికాధికారులును దరఖాస్తులను బీరువాలో నుంచి, సిగ్నలు లేదని కంపెనీలను నిందించుట తగదు.

భూస్వాములైన మా చదువరులకును ఒక మాట. టవరునకు సెంటు స్థలమడిగిన పట్టణపు అద్దెను కోరుటయు, కేబులు గట్టువెంట పోవుటకు అడ్డు చెప్పుటయు అచ్చటచ్చట జరుగుచున్నవి. కిరణముల భయము కొందరికి గలదు. అంతర్జాతీయ ప్రమాణములో పదవవంతునే మన దేశము 2012నుండి పరిమితిగా నిర్ణయించినది. ఏ టవరెచ్చట నున్నదో, దాని కిరణముల పరిమాణ మెంతో తరంగ సంచార్ అను ప్రభుత్వ సాధనమున ఎవరైనను చూచుకొనవచ్చును. శంక యున్నచో పరీక్ష కోరవలెనుగాని, ఊరికి రావలసిన దానిని వదంతిమీద ఆపరాదు. మరియు చదువుకొన్న యువకులు నియంత్రణసంస్థవారి మైస్పీడు సాధనముతో మాసమునకొకమారు బడివద్ద, ఆసుపత్రివద్ద, పడవలరేవువద్ద వేగమును కొలిచి పంచాయతీ పుస్తకమున వ్రాసియుంచవలెను. కంపెనీ పటమునకు ఎదుట నిలువగలది ఊరివారు తేదీవేసి వ్రాసిన లెక్కయే. ఊరక మొరపెట్టిన మాట నిలువదు.

ప్రభుత్వరంగ సంస్థయైన బీఎస్ఎన్ఎల్ బాధ్యత విశేషమైనది. 2025 సెప్టెంబరు 27వ తేదీన ఒడిశాలోని ఝార్సుగూడలో ప్రధానమంత్రి స్వదేశీ 4జీ వ్యవస్థను ప్రారంభించిరి. సుమారు 37,000 కోట్ల రూపాయల వ్యయముతో 97,500కు పైగా టవర్లు స్వదేశీ యంత్రములతో నిలిచినవి. సీ-డాట్, తేజస్, టీసీఎస్ సంస్థలు కలసి చేసిన ఈ పని దేశమునకు గౌరవము తెచ్చినది. అన్యులు ముందే వేసిన బాటలో ఆలస్యముగ నడచినను, మన కాళ్లమీద నడచితిమి. అయితే స్వదేశీ యంత్రమునకు నిజమైన గౌరవము పట్టణపు కూడలిలో లభింపదు. ఎవరును పోని తావునకు అది ముందుగ పోయిననాడే లభించును. జువ్వలదిన్నె రేవునుండి కృష్ణపట్టణము వరకు గల పాళెములు అట్టి తావులు.

తీరగ్రామముల వారు తమకు అందరికంటె ముందు ఈయుడని అడుగుట లేదు. కాలువక్రింద తరతరములుగ వ్యవసాయము చేసిన ప్రజలకు వంతు అనగా నేమో తెలియును. తమ వంతు ఫలానినాడని తెలిసినచో ఓర్పుతో నుందురు. ధర చెల్లించు దినము వారికి ముందే తెలుపబడుచున్నది. సేవ వచ్చు దినమును గూడ తెలుపుడని మాత్రమే వారు కోరుచున్నారు. కంపెనీలును, కేంద్ర టెలికాం శాఖయు, నియంత్రణసంస్థయు ఈ న్యాయమైన కోరికను రాబోవు తుపానుల ఋతువునకు లోపల మన్నింతురుగాక.