సంతకము చేయని భూస్వాములు

బెజవాడలోనో కాకినాడలోనో ఇల్లు అద్దెకిచ్చు గృహస్థుడు స్టాంపు కాగితముపై 11 నెలల ఒడంబడిక వ్రాయించి నిశ్చింతగ సంతకము చేయును. అంతమాత్రమున ఇల్లు అద్దెదారుని పాలగునని అతడు భయపడడు. ఆ గృహస్థుడే స్వగ్రామమున మాగాణిని కౌలుకిచ్చునపుడు కాగితమన్న ఉలికిపడును. ఎకరమునకిన్ని బస్తాలని నోటిమాటపై కుదిరిన మక్తా మాత్రము గింజ తరుగకుండ రావలెను!

2018–19 నాటి జాతీయ నమూనా పరిశీలనలో ఆంధ్రప్రదేశమందలి సాగు కమతములలో నూటికి 40కి పైగా కౌలు భూమి కలవియని తేలినది. ఇందు పెద్దభాగము వ్రాతకోతలు లేని సేద్యమే. తుపానులో చేను మునిగినపుడు పరిహారము తరచుగ పట్టాదారుని ఖాతాకు పోవును. విత్తనమునకు, ఎరువునకు అప్పుచేసి మునిగినవాడు కౌలుదారు. బ్యాంకు వానినెరుగదు గనుక వడ్డీ వ్యాపారియే గతి. మరుసటియేడు పొలము తన చేతనుండునో లేదో తెలియనివాడు దానికి పెంట తోలునా, గట్టు వేయునా?

భూస్వాముల భయమునకు పూర్వకారణములు లేకపోలేదు. కౌలు గడువు ఆరేండ్లకు తగ్గరాదని 1956 నాటి ఆంధ్ర కౌలుదారీ చట్టము విధించెను. తెలంగాణమున 1950 నాటి హైదరాబాదు చట్టముక్రింద రక్షిత కౌలుదార్లుగ నమోదైనవారిలో పలువురు పిమ్మట భూమికే హక్కుదారులైరి. ఏటేట కౌలుదారును మార్చు అలవాటు ఇట్టి భయమువలననే బలపడినది. కాని 2019లో ఆంధ్రప్రదేశ శాసనసభ ఆమోదించిన పంట సాగుదారుల హక్కుల చట్టము ఆ కోవలోనిది కాదు. గడువు 11 నెలలు. హక్కు పంటపైననే గాని భూమిపై లేదు. ఇంతకంటె మెత్తని శాసనమును భూస్వాములు తామే కూర్చుండి వ్రాసికొన్నను వ్రాసికొనజాలరు. ఐనను సంతకములు అరుదాయెను.

గ్రామ వ్యవహారమెరిగినవారికి దీని మర్మము తెలియును. భూమిపోవునను భయము సగము. మిగిలిన సగము పంట ఋణము. సేద్యము చేయని పట్టాదారు తక్కువ వడ్డీకి ఆ ఋణమును తానే తీసికొని పట్టణమున వేరొక పనికి వాడుకొనుచుండును. ఒకే సర్వే నెంబరుపై ఇరువురికి పంట ఋణమిచ్చుటకు బ్యాంకులు సమ్మతింపవు. ఇట్టి సందర్భమున దస్తావేజుపై వ్రాలుచేయుట తన అప్పు తాను వదలుకొనుటయే యగును. దీనిని భయమనుట భాషకు అన్యాయము.

శాసనకర్తలును నిర్దోషులు కారు. 2011 నాటి చట్టము భూస్వామి సంతకముతో నిమిత్తములేకయే, విచారణ జరిపి సాగుదారునకు ఋణార్హత పత్రమిచ్చుటకు దారి చూపెను. 2019 చట్టము ఆ సంతకమును తప్పనిసరి చేసి, కౌలుదారు హక్కును ఎదుటివాని దయకు వదలెను. చేను దున్నుచున్నవాడెవడో ఊరంతయు ఎరుగును. గ్రామ విచారణయే అందుకు ప్రమాణము కావలెనని, కౌలు శాసనమును దిద్దబూనినపుడెల్ల ఈ నిబంధననే ముందుగ తొలగింపవలెనని మా అభిప్రాయము.

మా పాఠకులలో భూవసతి గలవారు పెక్కురు. శాసనము మారువరకు వారు వేచియుండనక్కరలేదు. తొలకరికి ముందు కౌలు మాటలాడుకొనునపుడే గ్రామ సచివాలయమునకు పోయి, కౌలుదారుని ఎదుట ఆ కాగితముపై సంతకము చేయవచ్చును.