శాపం నుంచి సాఫ్ట్‌వేర్ దాకా

బైబిల్ ఆదికాండం తొమ్మిదో అధ్యాయంలో నోవహు తాగి గుడారంలో బట్టల్లేకుండా పడి ఉంటాడు. కొడుకు హాము అది చూస్తాడు. మత్తు దిగాక నోవహు శపించింది చూసినవాణ్ని కాదు, వాడి కొడుకు కనానుని. ఒంటి రంగు ఊసే ఆ కథలో లేదు. అయినా అమెరికా దక్షిణాది యజమానులు నల్లవాళ్ళ బానిసత్వానికి దాన్నే దైవాజ్ఞ చేసుకున్నారు. ఇలాంటివాటిని చీల్చి చెండాడటం మనబోటి హేతువాదులకు సులువే. అదే నమ్మకం డాక్టరు కోటు తొడుక్కొస్తే మాత్రం చేతులు కట్టుకుని వింటాం.

1851లో లూసియానా వైద్యుడు శామ్యూల్ కార్ట్‌రైట్ ‘డ్రాపిటోమేనియా’ అనే కొత్త జబ్బు కనిపెట్టాడు. దాని లక్షణం, బానిస పారిపోవడం! నివారణకు ఆయన చెప్పినవాటిలో కొరడా దెబ్బలు కూడా ఉన్నాయి. ఆ జబ్బు కాలగర్భంలో కలిసిపోయింది. పోనిది ఇంకొకటి. ఊపిరితిత్తుల్లో గాలి ఎంత పడుతుందో కొలిచే స్పైరోమీటర్‌ను అప్పటికి కొన్నేళ్ళ ముందే లండన్‌లో జాన్ హచిన్సన్ తయారుచేశాడు. దానితో కొలిచి, నల్లవాళ్ళ ఊపిరి శక్తి 20 శాతం తక్కువ, కాబట్టి బలవంతపు చాకిరీ వాళ్ళ ఒంటికి మంచిదేనని కార్ట్‌రైట్ తేల్చాడు. 1869లో బెంజమిన్ గూల్డ్ అమెరికా అంతర్యుద్ధ సైనికుల కొలతలు అచ్చువేస్తే వాటిలోనూ నల్ల సైనికుల అంకె తక్కువే వచ్చింది. బానిస కొట్టాల్లో పెరిగినవాళ్ళు ఏం తిన్నారు, ఏ రోగాల పాలయ్యారు అన్నది లెక్కలోకి రాలేదు. తేడా అంతా పుట్టుకకు అంటగట్టారు.

తర్వాత ఆ తేడా యంత్రంలోకే ఎక్కింది. నల్లవాళ్ళకు ‘మామూలు’ అనే గీతను 10 నుంచి 15 శాతం దించి సాఫ్ట్‌వేర్ రాశారు. ఆసియావాళ్ళకూ 4 నుంచి 6 శాతం కోత పెట్టారు, అమెరికాలో ఆ గొట్టంలోకి ఊదిన మన తెలుగువాళ్ళతో సహా. గీత దిగితే చెడిన ఊపిరితిత్తి కూడా మంచిదిగానే కనిపిస్తుంది. డబ్బు చెల్లించాల్సినవాళ్ళకు ఇది ఎంత కలిసొస్తుందో చెప్పాలా? 1999లో బాల్టిమోర్ ఆస్బెస్టాస్ కేసుల్లో, నల్ల కార్మికులు పరిహారం అడగాలంటే తెల్లవాళ్ళకన్నా ఎక్కువ ఊపిరి నష్టం చూపించాలని ఒక కంపెనీ కోర్టును కోరింది.

మూత్రపిండాల సంగతి ఇంకా దారుణం. రక్తంలో క్రియాటినిన్‌ను బట్టి కిడ్నీ పనితీరు లెక్కగట్టే సూత్రంలో రోగి నల్లవాడైతే ఫలితాన్ని సుమారు 1.2తో హెచ్చవేసేవారు. వాళ్ళకు కండ ఎక్కువ అన్నది చెప్పిన కారణం. అమెరికాలో డయాలిసిస్ మొదలవకముందే కిడ్నీ మార్పిడి జాబితాలో నిరీక్షణ కాలం మొదలవాలంటే పనితీరు అంకె 20కి దిగాలి. నిజానికి 18 దగ్గరున్న మనిషి కాగితం మీద 21 దాటేవాడు. డయాలిసిస్ దగ్గరపడుతున్నా నిరీక్షణ కాలం మొదలయ్యేది కాదు.

ఆ నమ్మకం సూత్రాల్లోనే కాదు, తలల్లోనూ ఉంది. 2016లో వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు అడిగితే, తెల్ల వైద్య విద్యార్థులు, రెసిడెంట్లలో దాదాపు సగంమంది నల్లవాళ్ళ శరీరం గురించిన తప్పుడు మాటల్లో కనీసం ఒకటి నిజమనో, నిజం కావచ్చనో అన్నారు. ఆ మాటల్లో వాళ్ళ చర్మం మందమన్నదీ ఒకటి. మరి నొప్పి మందులు ఎవరికి తక్కువ రాస్తారు?

కిడ్నీ సూత్రంలోంచి జాతి అంకెను 2021లో తీసేశారు. 2023లో పాత లెక్కవల్ల వెనకబడిన నల్ల రోగుల నిరీక్షణ కాలాన్ని సరిచేయమని ఆసుపత్రులను ఆదేశించారు. ఇది రాజకీయమే గాని శాస్త్రం కాదని కొందరి గొణుగుడు. కండ తేడా తెస్తుందనుకుంటే ఆ మనిషి కండనే చూడొచ్చు. లేదా కండతో అంతగా పనిలేని సిస్టాటిన్-సి పరీక్ష చేయొచ్చు. 2021లో నిపుణుల బృందం సిఫారసు చేసిందీ ఆ పరీక్షను ఎక్కువగా వాడమనే.