కడలిలో బాట

చుక్కాని యెంత గట్టిదైనను త్రోవ తెలియని పడవకు అది యక్కరకు రాదు. పూర్వము మన పల్లెకారులు కొండగుర్తులను, చుక్కలను, నీటిరంగును చూచి బాట నెన్నుకొనెడివారు. నేడా పనికి జీ.పీ.యస్. యంత్రము వచ్చినది. దీనిని మేమాక్షేపింపము, ఆహ్వానింతుము. కాని యంత్రము నొసగి విద్య నొసగకుండుట సగము మేలే. ఒక్కొక్కప్పుడు అది పూర్తి కీడు.

ఈ యంత్రమున రూటు కూర్చుట పైకి సుళువుగనే కన్పట్టును. రేవునుండి గమ్యమువరకు మలుపుమలుపునకు ఒక వేపాయింటు నుంచవలెను. యంత్రము వానిని వరుసగ గీతలతో కలిపి, ప్రతి గీతకును దిక్కును దూరమును లెక్కకట్టి చూపును. నడుమ క్రొత్త గుర్తును చేర్పవచ్చును, ఉన్నదానిని జరుపవచ్చును, తీసివేయవచ్చును. అయితే రెండు గుర్తులు క్షేమమైనంత మాత్రమున నడిమి గీత క్షేమము కాదు. ఒక మలుపుగుర్తును తీసివేసినచో దాని కిరుప్రక్కల గుర్తులను యంత్రము సూటిగ కలుపును. ఆ గీత ఇసుకమెరక మీదుగనో రాతిదిబ్బ మీదుగనో పోవచ్చును. కావున మార్చిన ప్రతిసారియు పటమును పెద్దదిగ చేసి గీతను మొదటినుండి తుదివరకు పరీక్షింపవలయును.

అంకెలందును జాగరూకత కావలెను. 17 డిగ్రీల 41.5 నిమిషములనగా 41 నిమిషముల 30 సెకండ్లు. దానినే 41 నిమిషముల 50 సెకండ్లని యెక్కించినచో గుర్తు ఉత్తరమునకు 600 మీటర్లకు పైగ తప్పును. చీకటివేళ రేవుముఖమున పడవను ముంచుటకు ఆ దూరము చాలదా?

ఇవి చదువురానివారి పొరపాట్లని నవ్వువారు రెండు సంగతులు వినవలెను. 1995 జూనులో రాయల్ మెజస్టీ యను విహారనౌక అమెరికాలోని నాంటకెట్ చెంత మెరకనెక్కెను. జీ.పీ.యస్. ఆంటెనా తీగ యూడిపోయినది; అధికారులు గంటలకొలది తెరనే నమ్మి, 17 మైళ్లు దారితప్పుట నెరుగరైరి. 2014 నవంబరు 29వ తేదీన ప్రపంచపు పందెమున నున్న వెస్టాస్ విండ్ పడవ మారిషసునకు ఈశాన్యమున కార్గాడోస్ కరాజోస్ దిబ్బలను ఢీకొనెను. చిన్నదిగ నుంచిన పటమున ఆ దిబ్బల ప్రమాదము తేటపడలేదు. ఆరితేరినవారికే ఈ గతి పట్టగా, ఎవరును నేర్పని మన సరంగు నేమని తప్పుపట్టుదుము?

మనకిది పరుల కథ కాదు. కూటికై గుజరాతునకు వలసపోయిన ఉత్తరాంధ్ర పల్లెకారులు 2018 నవంబరులో పాకిస్తానువారికి పట్టువడిరి. వారిలో 20 మంది 2020 జనవరిలో గాని వాఘా గడప దాటి స్వదేశము చేరలేదు. ఆనాటి తప్పొప్పులను మేము విచారింపము. కాని సముద్రమున కంచె లేదు, గట్టు లేదు; వలవేసి పోటున కొట్టుకొనిపోవు పడవకు సరిహద్దును తెలుపునది తెరమీది గీతయే. ఆ గీతకు చాల ముందే మ్రోగునట్లు హెచ్చరికగంట నేర్పరచుకొనుట ప్రతి తండేలునకును తెలియవలసిన విద్య.

జీ.పీ.యస్. అమెరికావారి సొత్తు. మన నావిక్ వ్యవస్థకై తొలి యుపగ్రహము 2013 జూలై 1వ తేదీన ఆంధ్రభూమియైన శ్రీహరికోటనుండియే లేచినది. 2025 జనవరిలో పంపిన ఎన్.వి.యస్.-02 తలచిన కక్ష్యను చేరలేకపోయినది. అధైర్యము వలదు, స్వావలంబనము ఒక్కనాటి పని కాదు. కాని ఆకాశమున స్వరాజ్యమును కోరు ప్రభుత్వము పడవలోని తెరపై స్వభాషను మరువరాదు. రేవురేవున తెలుగున శిక్షణ, తెలుగున కరపుస్తకము, వేటనిషేధపు దినములలో ఉచితముగ అభ్యాసము: మేము కోరునవి ఈ మూడే. చదువుకొన్న యువకులారా, ప్రభుత్వము మేల్కొనుదాక కూర్చుండకుడు. రేవునకు పోయి మీకు తెలిసినది నేర్పుడు. వారికి తెలిసిన కడలిని మీరు నేర్చుకొనుడు.